మూతల్లేని ఇల్లు

గోరువెచ్చని ఉప్పునీళ్ళు గొంతులో గరగరలాడించి కేకలమ్మ సింకులోకి ఉమ్మింది. పుక్కిలించేటప్పుడు ఎవరికైనా కళ్ళు వాటంతటవే మూతపడతాయి. ఆమె పడనివ్వలేదు. గోడమీద పెచ్చులూడిన సున్నాన్నే గుడ్లప్పగించి చూస్తూ ఇంకో గుక్క పోసుకుంది. వారం రోజులుగా ఇదే వరస. రెప్ప వేస్తే చాలు, ఆ పిల్ల మొహం వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి.

"దానిమీద ఏదైనా పెట్టొచ్చుగా అక్కా. సగం నీళ్ళు గాల్లోకే పోతున్నాయి," అంది చెల్లెలు కుట్టుమిషను దగ్గర్నించి. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం ఆమెకి అలవాటు. మాటలన్నీ పెదవి చివర్నించి జారతాయి. ఒళ్లో స్కూలు పిల్లల నీలం లాగు సగం కుట్టి ఉంది.

"పోతే పోయాయి. మళ్ళీ పోస్తాను."

"పోసుకో, పోసుకో. గ్యాసు ఊరికే వస్తోందిగా!"

రోజూ ఉండే గొడవే. ఆ రెండు గదుల ఇంట్లో మూత అనేది లేదు. అన్నం గిన్నె నుంచి చక్కెర డబ్బా దాకా అన్నీ నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. చీమలకి అది అత్తారిల్లు, వస్తే మర్యాద చేయించుకోకుండా కదలవు. అల్మరా తలుపులు ఊడదీయించి పాత చీర ముక్క వేలాడదీశారు. స్నానాలగదికి గడియ లేదు. లోపలున్న మనిషి పాట పాడుతూ ఉండాలి, పాట ఆగితే బయటి మనిషి "ఉన్నావా?" అని అడగాలి. చెల్లెలికి పాట రాదు. వచ్చిన ఒక్క ముక్కనే ఇన్నేళ్ళుగా అరగదీస్తోంది.

భర్త పోయి అక్క పంచన చేరిన కొత్తలో చెల్లెలు ముచ్చటపడి బజారు నుంచి మూతల గిన్నెల సెట్టు కొనుక్కొచ్చింది. తెల్లారేసరికి గిన్నెలున్నాయి, మూతలు లేవు. ఎక్కడ పారేశావని నిలదీసింది. కేకలమ్మ గిన్నెలు తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళలో భయం చూసి చెల్లెలు ఇక ఆ మాట ఎత్తలేదు.

ఒక్క ఫ్లాస్కుకి మాత్రం మినహాయింపు. బస్సులో నీళ్ళు ఒలికిపోతాయి కాబట్టి తప్పదు. దానికి ఎర్రటి మూత. విప్పి తిరగేస్తే అదే గ్లాసు. దాన్ని బిగించేటప్పుడు కూడా కేకలమ్మ మొహం పక్కకి తిప్పుకుంటుంది.

కేకలమ్మ అన్నది డబ్బింగు గదిలో పెట్టిన పేరు. సినిమాలో నాయిక నవ్వితే ఆ నవ్వొకరిది, మాట్లాడితే ఆ మాట ఇంకొకరిది. జడుసుకుని అరిస్తే మాత్రం ఆ అరుపు ఈమెది. పామును చూసిన కేక వేరు, శవాన్ని చూసిన కేక వేరు, మెట్లమీంచి పడిపోయే కేక వేరు. ఆ చివరిదాంట్లో గొంతు ముందు పడాలి, ఊపిరి తర్వాత పడాలి. పొట్టి మనిషి, బక్క మనిషి. మెడ మాత్రం ఇంకెవరిదో తెచ్చి పెట్టినట్టు బలంగా ఉంటుంది. ఎండాకాలమైనా దానికి బూడిదరంగు మఫ్లరు చుట్టుకునే తిరుగుతుంది. తెరమీద ఆమె పేరు ఎన్నడూ పడలేదు. అరుపుకి పేరేమిటి అనేవాళ్ళు, నిజమేగా అనుకునేది ఆమె కూడా.

ఆమెకింకో విద్య ఉంది, దాన్నెవరూ విద్య కింద జమకట్టరు. గొంతులు పట్టడం అయిపోయాక అందరూ కాసేపు కదలకుండా కూర్చోవాలి. ప్రతి గదికీ తనదంటూ ఒక నిశ్శబ్దం ఉంటుంది. దాన్నీ రికార్డు చేసి దాచుకుంటారు, మాటకీ మాటకీ మధ్య అతుకు వెయ్యడానికి పనికొస్తుందని. గది నిశ్శబ్దం అంటారు. సరిగ్గా అప్పుడే ఒకరికి దగ్గొస్తుంది, ఒకరి కడుపు గుర్రుమంటుంది, ఇంకొకరి గాజులు గలగలమంటాయి. కేకలమ్మ కూర్చుంటే ఊపిరి కూడా వినబడదు. అంత అరిచే మనిషి ఇంత గుట్టుగా ఎలా కూర్చుంటుందని నవ్వేవాళ్ళు. భయపడే మనిషికి ఊపిరి బిగబట్టడం ఒకరు నేర్పాలా!

వారం కిందట సౌండాయన ఫోన్ చేశాడు. ఆమె గొంతు ఎక్కువసార్లు పట్టింది ఈయనే.

"అమ్మా, పెట్టె సినిమా దొరికింది!"

కేకలమ్మ ఫోను చెవి దగ్గర్నించి తీసి దూరంగా పట్టుకుంది. ఏదో గోదాములో పాత డబ్బాల మధ్య నెగటివ్ బయటపడిందనీ, దుమ్ము దులిపి శుభ్రం చేశారనీ, మళ్ళీ హాళ్ళలో ఆడించబోతున్నారనీ ఆయన సంబరంగా చెప్పుకుపోయాడు. బొమ్మ అద్దంలా ఉందట. ఒక్క రీలుకి మాత్రం శబ్దం పాడైపోయిందట. అది ఆమె కేకున్న రీలు, వచ్చి మళ్ళీ అరవాలట.

ఆ సినిమాకి వేరే పేరుండేది, జనం పెట్టె సినిమా అనే పిలిచారు. ఒక పిచ్చివాడు, ఊరి బయట ఇల్లు, దారితప్పి వచ్చిన ఆడపిల్లలు. ఒక్కొక్కరినీ చెక్కపెట్టెలో పడుకోబెట్టి మూత బిగిస్తాడు. కథ అంతే, మిగిలిందంతా నెత్తురూ చిరిగిన బట్టలూ. హాళ్ళలో మనుషులు కళ్ళు తిరిగి పడిపోయారన్నారు. ఆడవాళ్ళు రోడ్డుమీదికొచ్చి పోస్టర్లు చింపేశారు. చివరికి ప్రభుత్వం నిషేధించి ప్రింట్లన్నీ లారీలకెత్తించుకుని పోయింది. ఆ తర్వాత దాన్ని చూసినవాళ్ళకంటే చూశామని చెప్పుకునేవాళ్ళే ఎక్కువయ్యారు.

ఆ సినిమాతోనే ఆమెకి కేకలమ్మ అనే పేరొచ్చింది. చివరి పెట్టెలో పడుకున్న పిల్లకి ఆమె అరిచింది. ఆ రోజుల్లో షూటింగులో శబ్దం పట్టేవాళ్ళు కాదు, బొమ్మ తీసుకొచ్చి తర్వాత గొంతులు అతికించేవాళ్ళు. ఒక్కో ముక్కని తలాతోకా కలిపి మిషనుకి ఎక్కిస్తే, అయిపోగానే మళ్ళీ మొదలయ్యేది. దాన్ని లూపు అనేవాళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ పిల్లమీద మూత దిగుతూనే ఉంది. మూత దిగడం, మొహంమీద వెలుతురు సన్నబడటం, ఆ పిల్ల నోరు తెరవడం, ఈమె అరవడం. మళ్ళీ మూత. పెట్టెకి పక్క చెక్క ఒకటి ఊడదీసి, ఆ సందులో కెమెరా పెట్టి, చుట్టూ నల్లగుడ్డ కప్పి తీశారట. అందుకే ఆ మొహం అంత దగ్గర. లూపు చివర ఆ పిల్ల నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయేది. కళ్ళూ అంతే. రెప్ప వాలేది కాదు. వాలుతుందేమోనని చూస్తుండగానే ముక్క అయిపోయి మళ్ళీ మూత దిగేది.

"ఇంత బాగా చేసిందే, తన గొంతు తనే ఇవ్వొచ్చుగా. ఏదీ ఈ అమ్మాయి?" అని అడిగింది ఆమె మధ్యలో.

"అది రాదు," అన్నాడు దర్శకుడు తల తిప్పకుండా.

టీ పోసే ముసలాయన గ్లాసు చేతికిస్తూ చెవిలో గొణిగాడు. "రావడానికి ఉంటేగా తల్లీ! పెట్టెలోంచి తీసేసరికే అయిపోయిందంటున్నారు."

టీ తాగి ఆమె మళ్ళీ అరిచింది. ఇంటికొచ్చి అన్నం గిన్నెమీద మూత తియ్యబోతే చెయ్యి ఆడలేదు.

ఆ పిల్ల మళ్ళీ ఏ సినిమాలోనూ కనబడలేదు. అదంతా ఉత్త పుకారు, సినిమా ఆడటానికి వాళ్ళే పుట్టించారు అన్నారు కొందరు. నిప్పు లేందే పొగరాదు అన్నారు ఇంకొందరు. కేకలమ్మ నలభై ఏళ్ళుగా ఆ రెండు మాటల మధ్యే బతుకుతోంది. చచ్చిపోయిన పిల్ల నోట్లో నా కేక పెట్టానా? ఇదొక్కటే ఆమె భయం. ఆ భయమే తర్వాతి కేకలన్నిటికీ అన్నం పెట్టింది. అది వేరే సంగతి.

ఫ్లాస్కులో వేన్నీళ్ళు పోస్తుంటే చెల్లెలు మిషను ఆపింది.

"డాక్టరేమన్నాడు?"

"గట్టిగా అరవొద్దన్నాడు."

"మరి?"

"నన్ను అరవొద్దంటే చేపని ఈదొద్దన్నట్టే."

"హాస్యాలొద్దు. గుండె బాగా నీరసంగా ఉందన్నాడా లేదా? ఆ పాడు సినిమాకి ఇంకో గొంతే దొరకలేదా? ఇంతమంది ఆడపిల్లలున్నారు, ఎలకని చూపిస్తే అరుస్తారు."

"అదే గొంతు కావాలంటున్నాడే."

"కావాలంటే కోసిచ్చేస్తావా?"

కేకలమ్మ మొహం పక్కకి తిప్పుకుని ఎర్ర మూత బిగించింది. తర్వాత స్టూలు లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

"అరవడానికి కాదే వెళ్ళేది. బొమ్మ శుభ్రంగా ఉందట. ఒక్కసారి చూడాలి. ఆ పిల్ల రెప్ప వేసిందో లేదో."

చెల్లెలు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. అక్క ఈ విషయం ఇలా విప్పి చెప్పడం చాలా అరుదు.

"వెయ్యలేదనుకో. అప్పుడు?"

కేకలమ్మ మఫ్లరు అందుకుని మెడకి చుట్టుకుంది.

"ఇన్నేళ్ళూ తెలీకుండా బతికావక్కా. తెలిసి బతగ్గలవా?"

"ఏమోనే. భయంగానే ఉంది," అంది కేకలమ్మ. "నువ్వు లాగు కుట్టుకో. మధ్యాహ్నానికి వచ్చేస్తాను."

చెల్లెలు గుమ్మం దాకా వచ్చి మఫ్లరు సరిచేసింది. అరుపు ఒక్కటే, రెండోది అడిగితే వచ్చెయ్యమంది. సరే అంది అక్క.

బస్టాపులో షెడ్డు వెనక గోడకి పోస్టరుంది. నల్లటి రంగు మీద చెక్కపెట్టె, దాని సందులోంచి ఒక కన్ను. ఒకప్పుడు నిషేధించిన సినిమా మీ ముందుకు, ధైర్యం ఉంటే రండి అని రాసుంది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు దాని పక్కన నిలబడి, నోళ్ళు తెరిచి భయపడ్డట్టు మొహాలు పెట్టి ఫోటో తీసుకుంటున్నారు. ఒకమ్మాయి ఉత్తుత్తినే కీచుమని అరిచింది. గొంతు పైపైన ఉంది, కడుపులోంచి రాలేదు అనుకుంది కేకలమ్మ, అలవాటు కొద్దీ. అంతలోనే ఆ పెట్టెలోని కన్ను తనవైపే చూస్తున్నట్టనిపించి వెనక్కి జరిగింది. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది గానీ, బయటంతా అదే పోస్టరు, వీధికొకటి. ఫ్లాస్కుని రెండు చేతులా ఒళ్లో పట్టుకుని ఎదుటి సీటు రేకుమీద గీతల్నే చూస్తూ కూర్చుంది.

స్టూడియో భవనానికి లిఫ్టుంది. ఆమె ఎన్నడూ ఎక్కలేదు. లిఫ్టు అంటే నిలబెట్టిన పెట్టె. మెట్లెక్కి, మలుపు దగ్గర గోడకానుకుని, మళ్ళీ ఎక్కింది. పైకొచ్చేసరికి చూపు మసకబారింది. ఎడమ భుజంలో ఏదో లాగుతోంది.

సౌండాయన ఎదురొచ్చాడు. బట్టతల, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, పొద్దునే కారే చెమట. నెరిసిన మీసం కింద చిన్నపిల్లాడి నవ్వు.

"లిఫ్టులో రారాదా అమ్మా, ఆయాసపడుతున్నారు."

"మెట్లు తరిగిపోతాయా నేనెక్కితే?"

ఆయన నవ్వి కుర్చీ వేశాడు. "ఇప్పుడు దీన్ని గొప్ప సినిమా అంటున్నారమ్మా. పెద్దపెద్దవాళ్ళు వ్యాసాలు రాస్తున్నారు. అప్పట్లో జనానికి అర్థం కాలేదట."

"నాకిప్పటికీ కాలేదు నాయనా." ఊపిరి కూడదీసుకుని అడిగింది. "ఆ పిల్ల ఏమైంది?"

"వెతికారమ్మా. పేరు కూడా దొరకలేదు. టైటిల్స్‌లో వెయ్యలేదు."

"నాదీ లేదులే."

డబ్బింగు గది తలుపు జానెడు మందం. మూస్తే బుస్సుమని గాలి బయటికి పోతుంది, ఆ తర్వాత లోకంలో ఏ చప్పుడూ లోపలికి రాదు. పని మొదలుపెట్టిన నాటినుంచీ ఆ తలుపు పడ్డ ప్రతిసారీ కేకలమ్మ లోపల్లోపల చచ్చి బతికేది. ఇంకో పని చూసుకోవచ్చుగా అని చెల్లెలు అడుగుతూనే ఉండేది. ఇంకో పని రాదు మరి. ఈ రోజు తలుపు పడగానే లేచి పారిపోదామనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఎదురుగా చిన్న తెర, దాని ముందు మైకు, పక్కన అద్దం గోడ. అద్దం అవతల సౌండాయన చెవులకి హెడ్‌ఫోను తగిలించుకున్నాడు.

"ఊపిరి కాస్త ఎక్కువ వినబడుతోందమ్మా."

"ఆగుతుంది. ముందు ఊరికే ఒకసారి చూపించు. అరవను."

తెర వెలిగింది. ఆ పిల్ల వచ్చింది.

అప్పటి మసక ప్రింటులో ఒక మొహం మాత్రమే కనిపించేది. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. కనుబొమల మధ్య చిన్న గాటు. పెదవి మీద ఎండిపోయిన తోలు. చెంప మీద ఏదో పూసిన రంగు, దానికింద అసలు చెమట. చెవి తమ్మె పక్కన చెక్క పేడు గీరుకుని నిజంగానే ఎర్రబడింది. ఎంత చిన్నది! అప్పుడు తన ఈడుదనుకుంది. ఇప్పుడు చూస్తే మనవరాలంత ఉంది. మూత దిగింది. వెలుతురు నుదుటి మీంచి కళ్ళమీదికి, కళ్ళమీంచి నోటిమీదికి జారింది. నోరు తెరుచుకుంది. కళ్ళు నిలిచిపోయాయి. తెర నల్లబడింది.

రెప్ప వాలలేదు.

"అమ్మా, సిద్ధమేనా?"

కేకలమ్మ మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకుంది. చెయ్యెత్తి ఊపింది. మళ్ళీ మూత దిగింది. ఈసారి ఆమె అరిచింది. ఎప్పుడో ఒకరు రాసిచ్చిన కేక కాదు, అప్పట్నించీ దాచుకున్నదంతా కడుపులోంచి, పక్కటెముకల్లోంచి, ఆ బలమైన మెడలోంచి పైకి తన్నుకొచ్చింది. సన్నగా మొదలై, వెడల్పై, చివర చిరిగింది. అరిచినంతసేపూ కళ్ళార్పకుండా ఆ పిల్లనే చూసింది. అద్దం అవతల సౌండాయన హెడ్‌ఫోను ఊడబెరికి, చేతి మీద లేచిన రోమాల్ని నిమురుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు కాసేపటికి. "ఇంకోటి అక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్ళు వింటే నన్ను చంపేస్తారు."

ఆమె ఛాతీమీద ఏదో బరువు కూర్చుంది. చెమట మెడ వెంట జారుతోంది. చెల్లెలు చెప్పినట్టు లేచి వెళ్ళిపోవాలి. లేవలేదు.

"నాయనా, ఆ తర్వాత ఏముంది?"

"ఏం లేదమ్మా. సినిమా అంతే. పేర్లు పడతాయి."

"సినిమాలో కాదు. నీకు దొరికిన డబ్బాలో."

సౌండాయన కళ్ళజోడు నుదుటి మీంచి దించుకున్నాడు. "కత్తిరించి పారేసిన ముక్క ఒకటుంది. కెమెరా ఆపడం మర్చిపోయినట్టున్నారు. పనికిరాదని పక్కన పెట్టాను."

"చూపించు."

"దాన్లో ఏం లేదమ్మా, ఉత్త చీకటి..."

"చూపించమంటున్నానుగా!"

ఆమె ఆయన్ని కసురుకోవడం అదే మొదలు. ఆయన మారుమాట్లాడకుండా ముక్క వెతికి పెట్టాడు.

తెరమీద చీకటి. ఆ చీకట్లో, కెమెరా పక్కనుంచి వచ్చిన పిసరంత వెలుతుర్లో, ఆ పిల్ల మొహం. నోరు తెరిచే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కదలిక లేదు. ఇదే, లూపు అయిపోయిన చోటు ఇదే. ఇక్కడినుంచి అవతల ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ మొహం అలాగే ఉంది. ఎవరూ మూత తియ్యలేదు. ఇంకా అలాగే ఉంది. టీ ముసలాయన మాటే నిజం. అయిపోయింది. నేను అరిచింది శవం నోట్లోనే. కేకలమ్మ ఆపెయ్యమని చెప్పబోయింది.

అప్పుడు ఆ పిల్ల రెప్ప వేసింది.

ఒకసారి. మళ్ళీ ఒకసారి. కంటి చివర్నించి నీటిచుక్క చెవిలోకి జారింది.

"వేసింది," అంది కేకలమ్మ. "చూశావా? వేసింది! రెప్ప వేసింది!"

"చూశానమ్మా," అన్నాడు సౌండాయన. ఆమె ఎందుకు ఏడుస్తోందో ఆయనకి తెలియలేదు.

తెరమీద మూత లేచింది. భళ్ళున వెలుతురు పడింది, ఎవరో కెమెరాని వెనక్కి లాగినట్టు బొమ్మ ఊగి నిలిచింది. ఎవరో చేతులు, ఎవరివో కాళ్ళు. నెత్తురు రంగు పూసుకున్న పిచ్చివాడు సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. ఇద్దరు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ పిల్ల పెట్టెలో లేచి కూర్చుంది. జుట్టుకి చెక్కపొట్టు అంటుకుంది. అటూ ఇటూ చూసి, ఒకతని వైపు చెయ్యి చాపి, పెదవులు కదిపింది. అతను తిరిగి చూడలేదు. ఇంకొకరి వైపు తిరిగి మళ్ళీ కదిపింది. అక్కడితో ముక్క అయిపోయి తెర తెల్లబడింది.

"ఏదో అంటోంది పాపం," అన్నాడు సౌండాయన.

"నీళ్ళు," అంది కేకలమ్మ. బతుకంతా పెదవుల్ని చూసే తిన్న మనిషి ఆమె. "నీళ్ళు అడుగుతోంది."

పిల్ల బతికే ఉంది. బతికి, దాహం వేసి, అడిగింది. ఒక్కరూ ఇవ్వలేదు. తను ఇన్నేళ్ళూ జడుసుకున్నది చావుకి. చచ్చిపోలేదు కదా, మరి ఇప్పుడీ దుఃఖమేమిటి? ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంది. కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నాయనా, మైకు తెరిచే ఉందా?"

"ఉందమ్మా."

"ఆ ముక్క మళ్ళీ వెయ్యి. దానికి గొంతివ్వలేదు ఎవరూ."

"ఇది సినిమాలో ఉండదమ్మా."

"ఉండకపోతే మానె."

ఆయన వేశాడు. పిల్ల లేచి కూర్చుంది, చెయ్యి చాపింది. పెదవులు కదిలిన చోట, కేక కంటే చిన్నదిగా, దాహంతో అంటుకుపోయిన గొంతుతో, కేకలమ్మ అంది:

"నీళ్ళు. అన్నా, కాసిని నీళ్ళు."

తెర మళ్ళీ తెల్లబడింది. ఆమె ఫ్లాస్కు తీసి మూత విప్పింది. మొహం పక్కకి తిప్పుకోలేదు. తిరగేసిన మూతలో నిండుగా నీళ్ళు పోసి, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా వెళ్ళి తెర అడుగున నేలమీద పెట్టింది. వచ్చి కూర్చుంది. కుర్చీకి జారబడింది. సౌండాయన తల వంచుకుని ఏవో బొత్తాలు సరిచేసుకుంటున్నాడు, ఇదేమీ చూడలేదు.

"అమ్మా, ఒక్క రెండు నిమిషాలు. గది నిశ్శబ్దం తీసుకుంటాను. అలాగే కూర్చోండి, ఆ తర్వాత నేనే కార్లో దింపుతాను."

కేకలమ్మ తల ఊపింది. ఈ పని ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. చేతులు మఫ్లరు మీద పెట్టుకుంది. ఇన్నాళ్ళకి భయపడకుండా కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల వచ్చింది. ఎదురుగా నిలబడి, రెప్ప వేసింది.

అద్దం అవతల సౌండాయన హెడ్‌ఫోను రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. మొదట కాస్త ఊపిరి వినబడింది, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరనట్టు. తర్వాత అది పలచబడింది. ఆ తర్వాత పోయింది. గది మిగిలింది. గోడల మెత్తలు, మైకు తీగ, గాలి. గుడ్డ మెదిలిన చప్పుడు కూడా లేదు. ఆయన మొహం విప్పారింది. ఇలాంటిది ఆమె ఒక్కతికే చాతనవుతుంది. చెడగొట్టడం ఇష్టంలేక, రెండు నిమిషాలైనా ఆపకుండా ఇంకొంచెంసేపు పట్టుకున్నాడు.

"అయిపోయిందమ్మా, లేవొచ్చు," అన్నాడు చివరికి మైకులో. "ఇంత మంచి నిశ్శబ్దం ఈ గదిలో నేనెప్పుడూ పట్టలేదు."

ఆమె లేవలేదు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు ఆయనకి అర్థమైంది తను చెవులారా వింటూ మురిసిపోయింది దేన్నో. హెడ్‌ఫోను కిందపడేసి, జానెడు మందం తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాడు.

చెల్లెలు వచ్చేసరికి ఆమెని బయట హాల్లో బల్లమీద పడుకోబెట్టారు. చెల్లెలి రవికె భుజానికి నీలం దారప్పోగు అంటుకుని ఉంది. ఎవరో తెల్లగుడ్డ తెచ్చి మొహం మీద కప్పబోతే చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొహం మీద వద్దు. భయపడుతుంది."

కూర్చుని, అక్క చెంపమీద చెయ్యి వేసింది. మూసిన కళ్ళని చాలాసేపు చూసింది. నిద్రలో కూడా అక్క కళ్ళు ఇంత నిండుగా మూతపడటం ఆమె చూడలేదు.

"అరుపు ఒక్కటే అన్నాను. ఒక్కటే అరిచిందా?"

"ఒక్కటేనమ్మా," అన్నాడు సౌండాయన. ఏడుపు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. "రెప్ప వేసిందని మీకు చెప్పమనేదేమో. సినిమాలో ఆ అమ్మాయి. రెప్ప వేసింది."

చెల్లెలు తల ఊపింది. నోట్లో సూదులున్నట్టు పెదవులు బిగించుకుంది. ఒక్కసారిగా వంగి అక్క మెడలో తల పెట్టి బావురుమంది.

బయల్దేరేటప్పుడు సౌండాయన మఫ్లరూ సంచీ ఫ్లాస్కూ తెచ్చిచ్చాడు. "దీని మూత కనబడటం లేదమ్మా. గదంతా వెతికి పంపిస్తాను."

"వద్దులే బాబూ," అంది చెల్లెలు ఫ్లాస్కుని గుండెలకి పొదువుకుని. "మా ఇంట్లో దేనికీ మూతలుండవు."

ఆ సాయంత్రం ఎవరో వచ్చి డబ్బింగు గదిలో దీపం ఆర్పి, తలుపు మూసి వెళ్ళారు. తెర అడుగున చీకట్లో ఎర్ర మూత వెల్లకిలా ఉంది, అంచుదాకా నీళ్ళతో.